అమ్మ రాళ్ళు

జూన్ 3, ఆదివారం

ఉలులానీ ఇంట్లో లూఆవు విందట. ఈ నెల ఇరవై మూడున. మనవడు హీనానోకి ఏడాది నిండుతోంది మరి, ఊరంతటికీ పెట్టాల్సిందే, కాదనను. కానీ ఆ కబురు చెప్పడానికి నా చెల్లెలికి కాళ్ళు రాలేదు. నాలుగు వీధుల అవతలే ఉంటుంది మహాతల్లి. కొడుకు కలేయోని పంపింది.

వాడు తెచ్చిన కార్డు మీద అనాస పండు బొమ్మ. ఆ అనాస పండుకి నల్ల కళ్ళజోడు. కింద బంగారు అక్షరాలతో "అసలు సిసలు హవాయి లూఆవు అనుభూతి" అని. పళ్ళు రాకముందే 'పోయి' అనే దుంప గుజ్జు నాకి పెరిగిన మా నానాకులి ఊరి వాళ్ళకి హవాయి అనుభూతి పంచుతుందట! వైకీకీలో హోటలు వేదిక మీద ఇరవై రెండేళ్ళుగా మైకు పట్టుకుని టూరిస్టులకి చెప్పే మాటలవి. ఇప్పుడు ఇంటికి కూడా తెచ్చుకుంది.

"అమ్మ మిమ్మల్ని మాకరోనీ సలాడ్ చేసి తెమ్మంది ఆంటీ," అన్నాడు కలేయో.

మాకరోనీ సలాడ్. ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటశాలలో రోజుకి ఆరు వందల మంది పిల్లలకి వండిన దాన్ని. ఈ వీధుల్లో ఎవరింట పెళ్ళయినా చావయినా కాల్చిన రాళ్ళతో ఇము గొయ్యి పేర్చి, పందిని అందులో పెట్టి, మట్టి కప్పింది నేనే. అమ్మ నాకు నేర్పింది ఆ పని. నన్ను మాకరోనీ ఉడకబెట్టుకు రమ్మంది.

"మరి ఇము ఎవరు వేస్తార్రా?" అన్నాను, మాటవరసకి.

"నేనే ఆంటీ. ఫోన్లో వీడియోలు చూస్తున్నా."

నవ్వాపుకోలేక చచ్చాను. పైకి మాత్రం "సంతోషం నాయనా" అన్నాను.

నేను వెళ్ళను.

జూన్ 5

వెళ్ళను.

జూన్ 9, శనివారం

చేపల కొట్టుకి వాళ్ళ వీధి మీదుగా వెళ్ళాను. కొంచెం చుట్టు దారే, కానీ నీడ ఉంటుంది.

వాళ్ళ పెరడు చూస్తే కళ్ళు తిరిగాయి. ప్లాస్టిక్ వెదురు కాగడాలు నలభై. ప్లాస్టిక్ గడ్డి లంగాలు ఒక అట్టపెట్టె నిండా. సొంత చెట్టు కింద దేవగన్నేరు పూలు దోసిళ్ళ కొద్దీ రాలి కుళ్ళిపోతుంటే, పక్కనే పెట్టెలో గుడ్డపూల దండలు. ఉలులానీ నిచ్చెన ఎక్కి పళ్ళ ఆకారం లైట్లు కడుతోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి నిక్కరు వేసుకుని.

"అక్కా! లోపలికి రా, జ్యూస్ తాగుదువు గాని."

"పనుంది."

"నిప్పుకత్తులు తిప్పే సమోవా అబ్బాయిని మాట్లాడా అక్కా. మా హోటలు వాడే. అదిరిపోద్ది!"

అదిరిపోతుంది, ఎందుకు అదరదు. చంటిపిల్లాడి పుట్టినరోజుకి నిప్పుకత్తులు. ఆ హోటలు భాగోతం నాకు తెలియనిదా? పంది వంటింట్లో ఆవిరి పెట్టెలో ఉడుకుతుంది. వేదిక ముందున్న ఉత్తుత్తి గోతిలో దాన్ని తెచ్చి పెడతారు. ఈవిడ మైకులో గొంతు వణికించి, "మా పూర్వీకుల్లాగే భూమితల్లి ఒడిలో ఎనిమిది గంటలు..." అంటుంది. ఇద్దరు కుర్రాళ్ళు చొక్కాల్లేకుండా వచ్చి ఆకులు తీస్తారు. తెల్లోళ్ళు ఆహా ఓహో అంటూ ఫోటోలు. అమ్మ నేర్పిన నాట్యాన్ని తీసుకెళ్ళి ఆ పందికి తోడుగా అమ్ముకుంటోంది. పైగా దానికి సంస్కృతి అని పేరు.

జ్యూస్ తాగి ఉండాల్సింది. ఎండ మండిపోయింది.

జూన్ 10, ఆదివారం

కలేయో ట్రక్కు వేసుకుని వచ్చాడు.

"అమ్మమ్మ రాళ్ళు కావాలి ఆంటీ. అమ్మ అడగమంది. ఇము కోసం."

అడగమంది! తను రాదు. అడగమంటుంది.

నేను బట్టలు ఆరేస్తున్నాను. "షెడ్డు పక్కన కుప్ప ఉంది చూడు, తీసుకెళ్ళు" అన్నాను. వాడొక్కడే గంటసేపు మోసుకున్నాడు. బనీను తడిసి ముద్దయింది. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు థాంక్స్ చెప్పాడు.

అమ్మ రాళ్ళు షెడ్డు లోపల టార్పాలిన్ కింద ఉన్నాయి.

జూన్ 11

అవి అమ్మ రాళ్ళని నేను అనలేదు. వాడే అనుకున్నాడు. కుప్ప ఉంది తీసుకెళ్ళు అన్నాను, అంతే.

షెడ్డు పక్కవి మా ఆయన బతికున్నప్పుడు పూలమొక్కల చుట్టూ పెడదామని వాగులోంచి తెచ్చినవి. గుండ్రంగా, నున్నగా, చూడముచ్చటగా ఉంటాయి. వాగు రాయి లోపల నీరుంటుంది. నిప్పులో కాలితే టపాకాయలా పేలుతుంది. అమ్మ రాళ్ళు అలా కాదు. అగ్గికొండ రాళ్ళు, నల్లగా, ఒళ్ళంతా చిల్లులు. అరవై ఏళ్ళు నిప్పు తిన్నాయి, ఒక్కటీ పగల్లేదు. ఈ తేడా మా ఇళ్ళలో ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

ఉలులానీకి చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. ఫోను చేసి తిడుతుంది. నేనూ నాలుగు అంటాను. అప్పుడు, సరే ఏడ్చావులే, నేనొచ్చి వేస్తాను ఇము అని వెళ్తాను. ఒకవేళ తెలియలేదనుకో, అది అమ్మ కూతురే కాదు. అదీ తేలిపోతుంది.

జూన్ 12

ఫోను రాలేదు.

జూన్ 13

రాలేదు. ఫోను పాడైందేమోనని పక్కింటావిడ చేత చేయించి చూశాను. బాగానే మోగుతోంది.

జూన్ 14, గురువారం

ఇవాళ అమ్మ పోయిన రోజు. మూడేళ్ళు.

సమాధి దగ్గరికి పొద్దున్నే వెళ్ళాను. అప్పటికే ఎవరో తాజా పూలదండ వేసి వెళ్ళారు. ఎవరో ఏమిటి, అదే. గుడ్డపూలు వెయ్యనందుకు సంతోషం.

తొమ్మిదేళ్ళు అమ్మకి నేను అన్నం పెట్టాను. పోయిలో చేప ముక్క నలిపి, వేలితో నోట్లో పెట్టేదాన్ని. పక్క మార్చాను, ఒళ్ళు తుడిచాను. ఇంకొకరెవరూ లేరు. ఉలులానీ హోటలు సెలవు రోజున వచ్చేది, మంచం పక్కన కూర్చుని పాట పాడి, చేతులు ఊపి, వెళ్ళిపోయేది. ఆఖరి రెండేళ్ళు అమ్మకి మతి పోయింది. నేను ముద్ద పెడితే నా మొహంలోకి చూసి నవ్వేది. "నా ఉలులానీ ఎంత ప్రేమగా పెడుతుందో" అనేది. రోజూ. "నేను లాహెలానమ్మా" అంటే, "లాహెలా ఎవరు?" అనేది.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా పేరు పలికి ఉంటే నాకీ మంట ఉండేది కాదు.

ఇందులో దాని తప్పు లేదు. నాకు తెలుసు. తెలిస్తే మాత్రం ఏమిటి?

జూన్ 17, ఆదివారం

చర్చిలో అంకుల్ ఎనోకా పట్టుకున్నాడు. అమ్మకి తమ్ముడు, ఎనభై రెండేళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేయించుకోవయ్యా అంటే దేవుడు చూపించినంత చూస్తానంటాడు.

"రాళ్ళిచ్చావంట కదే! మీ చెల్లి చెప్పింది. చెప్తూ ఏడ్చింది పిచ్చిది. మీరిద్దరూ కలిశారంటే మా అక్క ఎంత మురిసిపోద్దో!"

"ఆఁ" అన్నాను.

"మా అక్క ఏమనేదో గుర్తుందా? ఇము కాడ కడుపులో కుళ్ళు పెట్టుకుని నిలబడకూడదు, మాంసం పచ్చిగా వచ్చుద్దని. ఈసారి వెన్నలా ఉడుకుద్ది చూడు."

ముసలాయన చేతులు పట్టుకుని వదలడు. ప్రార్థన పుస్తకం బెంచీ మీద మర్చిపోయి వచ్చేశాను.

ఏడ్చిందట. అది మైకు ముందు కూడా ఏడుస్తుంది, వారానికి ఐదు రోజులు, రోజుకి రెండు ఆటలు.

జూన్ 20, బుధవారం

పేలితే పేలుతాయి. నాలుగు చప్పుళ్ళు, కాస్త పొగ. ప్లాస్టిక్ గడ్డి లంగాలన్నీ వీధిలో పరుగులు. అప్పుడు మైకు పట్టుకుని ఏమంటుందో వినాలి. భూమితల్లి దగ్గిందని అంటుందేమో.

రెండు వందల మంది ముందు. బాగుంటుంది.

జూన్ 22, శుక్రవారం

కలేయో బల్లలు అడగడానికి వచ్చాడు. కళ్ళ కింద నల్లబడింది, పాపం. గొయ్యి తవ్వాడట, నడుం లోతు.

"అమ్మ రాళ్ళన్నీ కడుగుతోంది ఆంటీ," అన్నాడు.

"కడగడమేంట్రా?"

"సముద్రం నీళ్ళు తెప్పించింది, బకెట్లతో. ఒక్కో రాయీ ఒళ్ళో పెట్టుకుని కడుగుతోంది. అమ్మమ్మతో మాట్లాడుతోంది. మూడు రోజుల్నుంచి నానబెట్టి మరీ కడుగుతోంది. మేమెవరం ముట్టుకోకూడదంట."

నానబెట్టింది. వాగు రాళ్ళని నీళ్ళలో నానబెట్టింది.

"రేపు పొద్దున ఏడింటికి నిప్పు పెడతాం. మొదటి పుల్ల హీనానో చేత వేయిస్తాం, అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి. ఫోటోలాయన వస్తున్నాడు. మంట బాగా లేచాక గొయ్యి అంచున అమ్మనీ వాణ్ణీ నిలబెట్టి తీస్తాడంట. మీరూ రండి ఆంటీ, ఫోటోలో ఉందురు గాని."

వాడితో చెప్పాలనే నోరు తెరిచాను. "బల్లలు షెడ్డులో లేవురా, వసారాలో ఉన్నాయి" అన్నాను. షెడ్డులోకి వెళ్తే టార్పాలిన్ చూస్తాడు.

మాకరోనీ ఉడకబెట్టాను. మూడు పెద్ద గిన్నెలు.

జూన్ 23, శనివారం. 5:40

వెళ్ళను. ఎవరో ఒకరు కనిపెడతారు. అంకుల్ ఎనోకా ఉన్నాడుగా.

అంకుల్ ఎనోకాకి కళ్ళు కనపడవు.

6:35

ఫోను చేశాను. ఎత్తలేదు. ముస్తాబవుతూ ఉంటుంది.

మళ్ళీ చేశాను. కలేయో కూడా ఎత్తడు.

జూన్ 24, ఆదివారం. పొద్దున

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

అమ్మ రాళ్ళని ట్రక్కులోకి ఎత్తాను. ఒక్కదాన్నే. ముందు వెళ్ళి ఆపాల్సింది, రాళ్ళు తర్వాతైనా తేవచ్చు. కానీ వట్టి చేతులతో వెళ్ళి ఏం చెప్పను? రాళ్ళతో వెళ్తే, అయ్యో పొరపాటైంది, ఇవిగో అసలువి అనొచ్చు. అదీ నా ఆలోచన. పిల్లాడు మంట దగ్గరున్నాడు, నేను పరువుని ట్రక్కులోకి ఎత్తుకుంటున్నాను. అరగంట పట్టింది.

నేను వెళ్ళేసరికి మంట మనిషెత్తు లేచింది. కియావే కట్టెలు, మంచివే తెచ్చాడు కలేయో. గొయ్యి అంచున ఉలులానీ, ఎర్ర గౌనులో, చంకలో హీనానో. ఎదురుగా ఫోటోలాయన "ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం" అంటున్నాడు. ఆ దరిద్రుడి గొంతు నా చెవుల్లోంచి పోవడం లేదు.

ట్రక్కులోంచే అరిచాను. "వెనక్కి రావే! వెనక్కి రా! అవి వాగు రాళ్ళు!"

ఉలులానీ నా వైపు చూసింది. మొదటి రాయి పేలింది.

తుపాకీ పేలినట్టే ఉంది. ఉలులానీ పిల్లాణ్ణి పొట్టకి అదుముకుని మంటకి వీపు తిప్పింది. కానీ మొహం ఇంకా నా వైపే తిరిగి ఉంది, రాతి ముక్క చెంపకి తగిలింది. ఎడమ చెంప, కంటికి వేలెడు కింద. తర్వాత వరసగా నాలుగైదు. జనం బల్లల కింద దూరారు. నేను పరిగెత్తి ఇద్దర్నీ లాక్కొచ్చాను. హీనానోకి గీత కూడా పడలేదు. వాడు చప్పట్లు కొడుతున్నాడు, ఇంకా పేలమని.

అంకుల్ ఎనోకా కర్రతో నేల కొట్టి గోల. "ఏ గాడిద తెచ్చిందిరా వాగు రాళ్ళు? పిల్లాణ్ణి చంపేవాళ్ళు కదరా!"

కలేయో పాలిపోయాడు. "ఆంటీ షెడ్డు పక్కన అన్నారు... నేనే వేరే కుప్ప తెచ్చేశానా?"

ఇక నా వంతు. నోరు తెరిచాను కూడా.

"వాడిదేం లేదు అంకుల్," అంది ఉలులానీ. చెంప మీద తువ్వాలు, తువ్వాలంతా ఎరుపు. "అక్క చూపించినవి వేరే. నేనే ఈ కుప్ప తెమ్మన్నా. నున్నగా, అందంగా ఉన్నాయని."

అంకుల్ ఎనోకా పగలబడి నవ్వాడు. "అందంగా ఉన్నాయంట! ఫోటోల కోసం రాళ్ళేరిందిరా! హోటల్లో ఆవిరి పెట్టెలో పంది వండే మనిషి, దీనికి రాయేం తెలుసు, రప్పేం తెలుసు!" భయం తీరింది కదా, అందరికీ నవ్వే కావాలి. అందరూ నవ్వారు. బల్లల కింద నుంచి లేస్తూ నవ్వారు.

నేనూ నవ్వాను. పెద్దగా కాదు. కానీ నవ్వాను.

వంటింట్లో దాని చెంప కడిగాను. లోపలికి దిగింది గాయం, కుట్లు పడాల్సిందే. అది కళ్ళు మూసుకుని చెప్పింది. "చేతిలోకి తీసుకున్నప్పుడే నున్నగా ఉందనిపించిందక్కా. అమ్మ రాళ్ళు గరుగ్గా ఉండేవి కదా అనుకున్నా. మళ్ళీ, అక్క ఇచ్చిందిగా, నేనే మర్చిపోయి ఉంటాను అనుకున్నా."

తువ్వాలు మళ్ళీ తడిపి చెంప మీద పెట్టాను.

"సలాడ్ తెచ్చావా?" అంది.

తేలేదు. మూడు గిన్నెలూ ఇంట్లోనే ఉన్నాయి.

దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను మగాళ్ళ చేత పక్కన ఇంకో గొయ్యి తవ్వించి, అమ్మ రాళ్ళు పేర్చి, నిప్పు పెట్టాను. రాళ్ళు ఎర్రబడ్డాక అరటి బోదెలు చితక్కొట్టి పరిచి, పందిని దింపి, ఆకులు, తడి గోనెలు, మట్టి. సాయంత్రానికి తీస్తే ఎముక ఊడి చేతికొచ్చింది. వెన్నే. కడుపులో కుళ్ళుంటే పచ్చిగా వస్తుందని అమ్మ చెప్పింది ఉత్త అబద్ధం.

ఉలులానీ తొమ్మిది కుట్లతో వచ్చింది. ఆ మొహంతోనే నాట్యం చేసింది. గుడ్డపూలు లేవు, లంగాలు లేవు, ఉత్త చేతులు. అమ్మ చెయ్యి ఎలా తిరిగేదో అలాగే తిరిగింది. హోటల్లో దాని ఆట నేను ఒక్కసారీ చూడలేదు. చూడకుండానే ఇరవై రెండేళ్ళు చీదరించుకున్నాను.

తర్వాత మైకు తీసుకుంది. "ఇవాళ మీరు తిన్న మాంసం మా అక్క లాహెలా చలవ. నా మనవడు బతికి ఉన్నాడంటే మా అక్క చలవ." రెండు వందల మంది లేచి నిలబడ్డారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా మెడలో దండలు వేశారు. గడ్డం దాకా వచ్చాయి, నోటి దాకా వచ్చాయి. ఊపిరాడలేదు. పళ్ళికిలిస్తూ నిలబడ్డాను.

అందరూ దాన్ని చూసి నవ్వాలనే కదా నేను కోరుకుంది? నవ్వారు. ఆ నవ్వుని అదే తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇవాళ మధ్యాహ్నం పందిరి విప్పడానికి చుట్టాలంతా వస్తారు. అందరి ముందూ చెప్పేస్తాను. ఏమైనా కానీ.

అదే రోజు, సాయంత్రం

చెప్పాను.

పాతిక మంది ఉన్నారు. మిగిలిన మాంసం గుడ్లతో వేయించుకుని తింటున్నారు. నేను లేచి నిలబడ్డాను. "ఆ వాగు రాళ్ళు ఇచ్చింది నేనే. తెలిసే ఇచ్చాను. ఉలులానీ తప్పేం లేదు. దాని పరువు తీద్దామని ఇచ్చాను" అన్నాను. మాట తడబడలేదు. ఇంతకన్నా తేటగా నాకు చెప్పడం రాదు.

అంకుల్ ఎనోకా చెంచా కింద పెట్టాడు. ఆ మసక కళ్ళలో నీళ్ళు.

"చూశార్రా," అన్నాడు. "చూశారా దీని మనసు! చెల్లెల్ని చూసి అందరూ నవ్వారని నింద తన నెత్తినేసుకుంటోంది. మా అక్క పెంపకం రా ఇది!"

"కాదు అంకుల్. నిజంగానే..."

"ఊరుకో తల్లీ, ఊరుకో. పిల్లాణ్ణి కాపాడింది చాలదన్నట్టు."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఒకావిడ వచ్చి నన్ను కావలించుకుంది. కలేయో నా చెయ్యి పట్టుకుని "తప్పు కుప్ప తెచ్చింది నేనే ఆంటీ, మీరెందుకు..." అని ఏడ్చేశాడు. నిజం, నిజం, నేను కావాలనే చేశాను అని అరిచాను. అరిచిన కొద్దీ వాళ్ళు ఇంకా మెత్తబడ్డారు. ఇంతమంది వెధవల్ని ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు.

ఉలులానీ వైపు తిరిగాను. అదొక్కతే ఏడవలేదు. కుట్లు లాగుతున్నాయేమో, నోరు ఒక పక్కకే కదులుతోంది. గరిటె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నా కళ్ళలోకి చూసింది. అమ్మ చూసినట్టు కాదు, నేనెవరో బాగా తెలిసిన దానిలా చూసింది.

"చాల్లే అక్కా," అంది అందరికీ వినపడేలా. "మరీ అంత మంచిదానివైపోకు."

నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది. అందరూ నన్నే చూస్తున్నారు.

తిన్నాను.